చుక్క పడని ముక్కోణం

ప్రపంచంలో ఏ మూల భూమి కంపించినా ఆ వివరాన్ని ఎవరైనా ఉచితంగా దించుకోగలగడం నాకెప్పుడూ అబ్బురమే. అమెరికా భూవిజ్ఞాన సర్వే వారి పట్టికలో ఒక్కొక్క కంపానికి ఒక్కొక్క వరుస: సమయం, అక్షాంశ రేఖాంశాలు, లోతు, తీవ్రత. (లోతు గడిలో పదే పదే 10 కిలోమీటర్లు అని కనిపిస్తే విస్తుపోకండి. అసలు లోతు తేలనప్పుడు చాలాసార్లు ఆ అంకె వేసి ఊరుకుంటారు.)

ఆ వరుసలను పటం మీద చుక్కలుగా పరచి, ఎవరైనా చేసే పనే నేనూ చేశాను. మా ఊళ్ళు వెదికాను. 1967 నాటి ఒంగోలు, 1969 నాటి భద్రాచలం, 2024 డిసెంబరు 4 నాటి ములుగు భూకంపాలు, మూడూ 5 దాటినవే, ఎక్కడో దూరాన ఉన్నాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నడుమ ముక్కోణంలో మాత్రం చుక్కలకు కరువే.

సంతోషించవలసిందే. కానీ ఆ ప్రపంచపట్టిక వల కన్నులు పెద్దవి. మన వైపు 4 కంటె చిన్న కంపాలు అందులో పడేది అరుదు. పరికరాలతో కొలవడం మొదలై నూరేళ్ళు దాటి ఎంతో కాలం కాలేదు. గండికోట లోయలో పెన్న కోసిన రాళ్ళ వయసు చూస్తే అది రెప్పపాటు కూడా కాదు. నాపరాతి గనుల్లో తూటా పేలినప్పుడు గూట్లో గిన్నెలు కదిలితే, అది తూటానా, భూమా అని మావాళ్ళు ఆలోచించరు కూడా.

నన్ను నిలవనీయనిది కిల్లారి. మహారాష్ట్రలోని లాతూరు జిల్లాలో 1993 సెప్టెంబరు 30న, తెల్లవారడానికి ముందు, 6.2 తీవ్రతతో భూమి కదిలింది. అప్పటి పటంలో అది అతి తక్కువ ప్రమాదమున్న మొదటి మండలం. (2002లో ఆ మండలాన్నే ఎత్తివేశారు.) వేలాదిమందిని చంపింది తీవ్రత ఒక్కటే కాదు, రాయీ మన్నూ కలిపి కట్టిన గోడలు, వాటి మీది బరువైన మట్టికప్పులు నిద్రలో ఉన్నవారి మీద పడ్డాయి.

ఆ వర్ణన చదివితే మన మట్టిమిద్దె కళ్ళ ముందు నిలవదూ! దూలాలు, దంతెలు, వాటిపై పుల్లలు పరచి మందంగా మన్ను, ఆ పైన చౌడు. ప్రొద్దుటూరు ఎండ ఎరిగినవారికి మిద్దె చలువ గురించి చెప్పనక్కరలేదు, నేనూ దాన్ని తిట్టబోను. అయితే వానలకు ముందు చౌడు మళ్ళీ పోస్తారు. పాతది దించి పోసేవాళ్ళెందరు? దూలం మాత్రం తాత నాటిదే.

భూకంపాల పట్టికలో ఈ బరువుకు గడి లేదు. కాని 2011 జనగణనలో ఇంటి గోడ దేనితో కట్టారు, కప్పు దేనితో వేశారు అని అడిగి లెక్క రాసుకున్నారు. అదీ అందరికీ అందుబాటులోనే ఉంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలని కూర్చున్నాను. ఈలోగా ఆ మూడు ఊళ్ళ వైపు పెద్దలున్నవారు ఒక్కటి అడిగి చెప్పండి: మీ మిద్దె మీద ఇప్పుడు మన్ను ఎన్ని జానల మందముంది?