తీగెల పొత్తు

పెళ్ళిళ్ళకు జాతకాలు కలిపేవారిని మీరు చూసే వుంటారు. నేను తీగెలకు జాతకాలు కలుపుతాను. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి మాట్లాడించే ‘స్విచ్’ అనే పెట్టెలను అమర్చడం నా వుద్యోగం. గోడమీది లైటు స్విచ్చికీ దీనికీ పేరులో తప్ప చుట్టరికం లేదు.

2016లో ఆదిలాబాదు జిల్లానుంచి మంచిర్యాల జిల్లాలోకి మారిన లక్సెట్టిపేటలో మా మేనమామకు చిన్న ఆస్పత్రి వుంది. ముందు భవనంలో రోగులు, వెనక భవనంలో రక్తపరీక్షలు. రెంటికీ మధ్య ఒక్కటే తీగె. ఒక వానాకాలపు రాత్రి ఎలుకగారు దాని రుచి చూశారు. తెల్లవార్లూ ఆయా చీటీలు కొంగుకింద దాచుకుని వానలో తిరిగింది. ఒక చీటీ తడిసి అంకె చెదిరిపోతే, జ్వరంతో వున్న పసివాడికి మళ్ళీ సూది గుచ్చవలసి వచ్చింది.

మర్నాడే మామ ఫోను చేశాడు. “ఇంకో తీగె గుంజరాదు, అల్లుడా! ఒకటి తెగితే ఇంకోటి ఉంటది గద!”

అంత సులువైతే నాకు జీతమెందుకు? వూరికే రెండో తీగె తగిలిస్తే, ఒకదానివెంట వెళ్ళిన కబురు రెండోదానివెంట తిరిగివచ్చి, గానుగెద్దులా తిరుగుతూనే వుంటుంది. 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే అమెరికా విదుషి దీనికొక వుపాయం కనిపెట్టింది: ఒక తీగెను నిద్రపుచ్చడం. రెండూ మేలుకుని పనిచెయ్యాలంటే మాత్రం పొత్తు కుదర్చాలి. దానిపేరే లింక్ అగ్రిగేషన్. ఏ కంపెనీ పెట్టెలకైనా వర్తించే నియమావళి 2000లో వచ్చింది. రెండు తీగెల వేగమూ ఒకటి కావాలి. ఒక పక్షమైనా ముందు పలకరించాలి. ఇద్దరూ పిలుపుకోసం బిగుసుకుని కూర్చుంటే సంబంధం కుదరదు.

“అయితె డబుల్ స్పీడు వస్తది గద?” అన్నాడు మామ.

“రాదు మామా. రాయపట్నం కాడ గోదావరిమీద రెండు వంతెనలు నడుస్తున్నయనుకో. నీ కారు రెంటిమీద ఒక్కపారే పోతదా? బండ్లెక్కువైనప్పుడు ఇరుకు తగ్గుతది, అంతే.”

“ఉన్న గొట్టంలనే రెండోది గూడ తోసెయ్యి. పైసలు మిగులుతయి.”

“ఎలుకకు ఒక్క విస్తట్లనే రెండు లడ్లు పెట్టినట్టయితది!”

రెండో తీగెను ప్రహరీగోడవెంట వేరేదారిన తెచ్చాను. పొత్తు కలిపాక, మామ చూస్తుండగానే ఒకటి వూడదీశాను. వెనకనుంచి రిపోర్టు వచ్చేసింది. మామ మొహం వెలిగింది.

చిక్కంతా అక్కడే వుంది. ఒకటి తెగినా పని ఆగదు. ఆగదు గనుక ఎవరికీ తెలియదు. రెండోదీ తెగినరోజే తెలుస్తుంది. అందుకని రోజూ పొద్దున్నే పెట్టెమీది రెండు పచ్చదీపాలూ చూడమని ఆయాకు చెప్పాను.

మొన్న చలికాలంలో ఆమె ఫోను చేసింది. ఆస్పత్రిలో ఆ మాట అనరాదని కాబోలు, గొంతు తగ్గించి, “సారూ, ఒక దీపం కొండెక్కింది,” అంది.

సాయంత్రానికి తీగె మార్చాను. ఆరోజు ఒక్క రిపోర్టూ ఆగలేదు. రోగుల్లో ఎవరికీ సంగతి తెలియదు.