విదేశీ చదువు ముచ్చట్లు - 4: ఆ పేరా తీసెయ్యకు చెల్లె



మొన్న రాత్రి పదకొండు దాటాక ఒక చెల్లె మెసేజ్ పెట్టింది. డిగ్రీలో జర్నలిజం చదివింది. విదేశంలో మీడియా అండ్ కమ్యూనికేషన్ మాస్టర్స్‌కు అప్లై చేస్తోంది. తన ఎస్‌ఓపీ పంపి, "అన్నా, రెండో పేరా తీసెయ్యమంటున్నరు. ఆదివారం లోపల అప్‌లోడ్ చెయ్యాలె. ఏం చెయ్యమంటవ్?" అని అడిగింది.

ఆ రెండో పేరాలో ఏముందంటే, వాళ్ల ఊళ్లో బొడ్రాయి పండుగ రోజు వాడ మీద పడి కొట్టారు. తెల్లారి జిల్లా పేజీలో నాలుగు లైన్లు వచ్చాయి. ఇరువర్గాల మధ్య ఘర్షణ, పలువురికి గాయాలు. ఆ "పలువురి"లో తన మేనమామ ఉన్నాడు. ఆ నాలుగు లైన్లు ఎవరు రాశారు, ఎవరిని అడిగి రాశారు, మా మామను ఎందుకు అడగలేదు, ఇది తెలుసుకోవడానికే నేను మీడియా చదవాలనుకుంటున్నాను అని రాసుకుంది.

కన్సల్టెన్సీ వాళ్లు అది నెగెటివ్‌గా ఉందన్నారట. దాని బదులు డిజిటల్ మార్కెటింగ్ మీద చిన్నప్పటి నుంచీ ఆసక్తి అని రాయమన్నారట. ఇంకో ముచ్చట కూడా చెప్పారట, అసలు మీడియా ఎందుకు, బిజినెస్ అనలిటిక్స్‌కు మార్చుకుంటే ఉద్యోగం గ్యారంటీ అని.

చెల్లెను అడిగే ఇది ఇక్కడ రాస్తున్నాను. ఈ సీజన్‌లో ఇదే ప్రశ్న ఇంకా చాలామంది అడుగుతున్నారు.

ఆ పేరా చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. 2016లో నా ఎస్‌ఓపీలో కూడా అలాంటి పేరా ఒకటి ఉంది. ఎవరూ తీసెయ్యమనలేదు. నేనే తీసేశాను.

మా బాపు జనగామ మార్కెట్‌లో హమాలీ. ఐదో తరగతి దాకా చదివాడు. పొద్దున్నే యార్డు ముందర చాయ్ హోటల్లో పేపరు చూసేవాడు. అందరూ చదివి వదిలేశాక, మడతలు పడి, చాయ్ మరకలు అంటిన పేపరు ఆయన చేతికొచ్చేది. సెలవుల్లో నేను వెంట పోయినప్పుడు జిల్లా పేజీ నాతో చదివించేవాడు. ఒకసారి "రెండు వర్గాల మధ్య ఘర్షణ" అని చదివితే ఆపమని చేయి ఎత్తాడు.

"ఘర్షణ అని రాసిండ్రంటే మనోళ్లకే దెబ్బలు తాకినయ్ అనుకో. వాళ్లకు తాకితే దాడి అని రాస్తరు."

నా మొదటి ఎస్‌ఓపీలో ఈ మాటే రాశాను. తర్వాత నాకే భయమేసింది. చదివేవాడు ఎవడో, కులం పేరెత్తితే సీటు పోతుందేమో అనుకున్నాను. అంతా చెరిపేసి "గ్రామీణ ప్రేక్షకులు, ప్రాంతీయ పత్రికలు" అని పెట్టాను. గ్రామీణ అన్న మాట చాలా శుభ్రంగా కనబడింది. సీటు వచ్చింది. ఆ మాట వల్లే వచ్చిందని చాలా రోజులు నమ్మాను.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మనకు చదువు కథ డబ్బు కథ వేరు కాదు. మన రాష్ట్రంలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది. నేను వెళ్లినప్పుడు 20 లక్షలు, రెండు విడతలు. మొదటి విడత ఆ దేశంలో దిగిన కాగితం చూపించాకే. అంటే దిగడానికి కావలసిన డబ్బు మనమే తెచ్చుకోవాలి. వీసా ఫీజు, విమానం టికెట్, యూనివర్సిటీ డిపాజిట్. యూకే వీసాకైతే చూపించాల్సిన సొమ్ము 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి. ఆ 28 రోజుల కోసం బాపు మార్కెట్‌లో తెలిసిన సేటు దగ్గర అప్పు తెచ్చాడు. పథకం లేకపోతే నేను వెళ్లేవాణ్నే కాదు. పథకం ఒక్కటే ఉంటే కూడా వెళ్లేవాణ్ని కాదు. రెండూ నిజమే.

2017 సెప్టెంబర్‌లో ఇంగ్లండ్‌లో దిగాను. ఇల్లు తెలుగువాళ్లదే, ఆరుగురం. రెండో వారంలో వంటింట్లో అడిగారు, "మీది జనగామల ఎక్కడ? ఊళ్లెనా, బయటనా?" అని. అడిగిన తీరు మీకు తెలుసు. ఇంకోరోజు ఒకడు నవ్వుతూ అన్నాడు, "కొంతమందికి 20 లక్షలు ఫ్రీ, మనకేమో ఈఎంఐ." నా మంజూరు కాగితం సూట్‌కేస్ అడుగున పెట్టుకున్నాను. అక్కడ కూడా ఆ పేరాను మళ్లీ చెరిపేశానన్నమాట.

మూడో వారం క్లాసులో స్టువర్ట్ హాల్ వ్యాసం చదివించారు. ఈ పేరు మీడియా చదివే ప్రతి ఒక్కరికీ తగులుతుంది, కాబట్టి కొంచెం చెబుతాను. జమైకాలో 1932లో పుట్టిన నల్లవాడు. 1951లో స్కాలర్‌షిప్ మీదే ఆక్స్‌ఫర్డ్ వచ్చాడు. తర్వాత బర్మింగ్‌హామ్‌లో సాంస్కృతిక అధ్యయన కేంద్రాన్ని నడిపాడు. 1973 నాటి ఆయన వాదన సింపుల్‌గా ఇది. టీవీ వాడు, పేపరు వాడు ఒక అర్థం పెట్టి పంపుతాడు. చూసేవాడు దాన్ని అట్లాగే తీసుకోవచ్చు, కొంత ఒప్పుకొని కొంత మార్చుకోవచ్చు, లేదా పూర్తిగా ఎదురు తిరిగి చదవచ్చు. ఏ రకంగా చదువుతాడన్నది అతను సమాజంలో ఎక్కడ నిలబడ్డాడన్న దానితో ముడిపడి ఉంటుంది.

చదువుతుంటే నాకు చాయ్ హోటల్ గుర్తొచ్చింది. మూడో రకం చదువు నేను పదేళ్లప్పుడే విన్నాను కదా.

అదే వారం మా మేడమ్ నా ప్రాజెక్టు కాగితం చూసి ఒకటే ప్రశ్న అడిగింది. "గ్రామీణ ప్రేక్షకులు అన్నావు. మీ ఊళ్లో పేపరు మొదట ఎవరి చేతికి వస్తుంది? చివర ఎవరి చేతికి వస్తుంది?" ఆమెకు కులం గురించి పెద్దగా తెలియదు. కానీ ఒక ఊరినంతా ఒకే మాటలో కట్టేయడం కుదరదని తెలుసు. నేను తడబడుతూ, తప్పుల ఇంగ్లిష్‌లో, బాపు మాట చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టి, "మరి ఇది ఇందులో ఎందుకు లేదు?" అంది.

సీటు కోసం దాచిన మాట చదువుకే అడ్డం పడింది. అది లేకుండా నా దగ్గర పరిశోధన లేదు, ఊరికే టాపిక్ ఉంది.

ప్రాజెక్టు మార్చాను. మనవాళ్ల మీద జరిగిన దాడుల వార్తలు తెలుగు పత్రికల జిల్లా పేజీల నుంచి ఏరాను. ప్రతి వార్తను మూడు ప్రశ్నలు అడిగాను. హెడ్డింగ్‌లో కొట్టినవాడు ఉన్నాడా? మొదట ఎవరి మాట వేశారు, పోలీసుదా, దెబ్బ తిన్నవాళ్లదా? గాయపడ్డ మనిషికి పేరుందా, లేక "పలువురు" అయ్యాడా? చదవడానికి చిన్న పనే. కానీ ఒక పద్ధతి పెట్టుకొని వార్త తర్వాత వార్త చదువుతుంటే కోపం పక్కకు పోయి, వార్త ఎట్లా తయారవుతుందో కనబడుతుంది.

బాపు మాట పూర్తిగా నిలబడలేదు. అది కూడా చెప్పాలి. కొన్ని వార్తల్లో "దాడి" అనే రాశారు. కానీ ఎప్పుడు రాశారు? నేను చూసిన వాటిలో మొదటి రోజు ఎక్కువగా ఘర్షణే. అట్రాసిటీ కేసు నమోదయ్యాక, సంఘాలు రోడ్డెక్కాక అదే సంఘటన దాడిగా మారింది. మండలంలో పనిచేసే కంట్రిబ్యూటర్‌కు జీతం అంటూ పెద్దగా ఉండదు. యాడ్స్ తేవాలి. యాడ్స్ ఇచ్చేది ఊరి పెద్దలే. వార్త వచ్చేది స్టేషన్ నుంచి. ఇక మొదటి రోజు వాడలోకి వచ్చి అడిగేదెవరు? ఒక్క పదం మారడానికి మనం ధర్నా చెయ్యాల్సి వస్తోంది. నేను ఇంగ్లండ్ పోయి నేర్చుకున్నది ఇది. మన ఊరి గురించే, కానీ ఇక్కడ ఉండగా నాకు కనబడలేదు.

ఇప్పుడు చెల్లె ముందున్న అసలు గోడ సంగతి. కన్సల్టెన్సీ వాళ్ల సలహాను పక్కన పెట్టొచ్చు. కానీ డబ్బిచ్చేవాళ్ల షరతు పక్కన పెట్టలేం. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 125 సీట్లు, అందులో 115 ఎస్సీలకు. కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు. 2022 ఫిబ్రవరిలో దాని నిబంధనలు మార్చారు. భారత సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం మీద సామాజిక అధ్యయనం ఇకపై దీని కిందికి రావన్నారు. దళిత విద్యార్థికి ఇచ్చే స్కాలర్‌షిప్ మీద దళితుల గురించి చదవకూడదన్నమాట!

1913లో బరోడా మహారాజు నెలకు పదకొండున్నర పౌండ్ల స్కాలర్‌షిప్ ఇస్తే బాబాసాహెబ్ కొలంబియా వెళ్లాడు. 1916 మే 9న అక్కడి సెమినార్‌లో ఆయన చదివిన పేపర్ భారతదేశంలో కులాల గురించే. ఇవాళ్టి నిబంధన ఆ రోజు ఉంటే ఆ పేపర్‌కు పైసా రాదు.

ఇంకో సంగతి మనం తక్కువ చెప్పుకుంటాం. బాబాసాహెబ్ స్కాలర్‌షిప్ గడువు ముగిసి, లండన్ చదువు మధ్యలో వదిలి 1917లో తిరిగొచ్చాడు. మళ్లీ 1920లో లండన్ వెళ్లాడు. ఈ రెండు ప్రయాణాల నడుమ, 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' పెట్టాడు. షాహూ మహారాజు 2,500 రూపాయలు ఇచ్చాడు. డబ్బు కడతామన్నా ఆ పత్రిక ప్రకటన వేయడానికి 'కేసరి' ఒప్పుకోలేదు. చదువు ఇంకా పూర్తి కాలేదు, అయినా పత్రిక పెట్టాడు. మనకు మీడియా పనీ విదేశీ చదువూ మొదటి నుంచీ కలిసే ఉన్నాయి.

ఈ చదువు వల్ల ఉద్యోగం వస్తుందా అని అడిగేవాళ్లకు అబద్ధం చెప్పను. తిరిగొచ్చాక రెండు న్యూస్‌రూమ్‌లలో ఇంటర్వ్యూ ఇచ్చాను. ఒకచోట "ఎస్సీ వార్తలు చూస్తారా?" అని అడిగారు. రాజకీయాలు చూస్తానన్నాను. ఫోన్ రాలేదు. అప్పు తీరడానికి నాలుగేళ్లు పట్టింది, పాఠాలు చెప్పి, అనువాదాలు చేసి తీర్చాను.

1996లో వాషింగ్టన్ పోస్ట్ ఢిల్లీ విలేకరి కెన్నెత్ కూపర్, ఆయన నల్లజాతి అమెరికన్, ఇక్కడ దళిత జర్నలిస్టు ఎవరున్నారని వెతికాడు. ఆ ప్రశ్న విని బి.ఎన్. ఉనియాల్ తానూ వెతికి, ఒక్కరూ దొరకలేదని 'పయనీర్'లో రాశాడు. పదేళ్ల తర్వాత, 2006లో ఢిల్లీలో 315 మంది సీనియర్ జర్నలిస్టులను లెక్కపెడితే దళితులు, ఆదివాసీలు సున్నా. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి 121 నాయకత్వ పదవులు చూస్తే 106 అగ్రకులాలవి, ఎస్సీ ఎస్టీలు మళ్లీ సున్నా. అమెరికాలో పత్రికా సంపాదకుల సంఘం 1978లోనే న్యూస్‌రూమ్‌లలో నల్లవాళ్లు, ఇతర మైనారిటీలు ఎందరో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. వాళ్లు పెట్టుకున్న లక్ష్యం చేరలేదు, కానీ లెక్క ఉంది. మన పత్రికలు తమను తాము లెక్కపెట్టుకోవు. బయటివాడు వచ్చి అడగాలి. చెల్లె లాంటివాళ్లు ఆ లెక్క పట్టుకొని వచ్చి అడగాలని నా ఆశ.

అందుకే చెల్లె, నా మాట ఇది. ఆ పేరా తీసెయ్యకు. రెండోది కాదు, మొదటి పేరా చెయ్యి. కానీ అందులో "అమానుషం", "ఘోరం" లాంటి మాటలు తీసెయ్. ఆ నాలుగు లైన్ల వార్తను ఉన్నది ఉన్నట్టు పెట్టి, నీ మూడు ప్రశ్నలు దాని కింద పెట్టు. ఆ యూనివర్సిటీలో ఎవరు వార్తల భాష మీద, జాతి మీద, ప్రేక్షకుల మీద పనిచేస్తున్నారో చూసి వాళ్ల పేరు రాయి. చదివేవాడికి ఏడుపు అక్కర్లేదు, ప్రశ్న కావాలి. నీ దగ్గర ప్రశ్న ఉంది. డిజిటల్ మార్కెటింగ్ రాసేవాళ్లలో చాలామందికి అది లేదు.

డబ్బుకు ఒక్క దారి మీదే కూర్చోకు. నేషనల్ ఓవర్సీస్ కావాలంటే అక్కడి అంశం తీసుకో. నల్లవాళ్ల పత్రికల చరిత్ర 1827లో న్యూయార్క్‌లో 'ఫ్రీడమ్స్ జర్నల్'తో మొదలవుతుంది. అది చదివి పద్ధతి నేర్చుకొని వచ్చి ఇక్కడ వాడుకో, ఎవరూ ఆపలేరు. రాష్ట్ర పథకం చూడు. యూరప్‌లో ఎరాస్మస్ ముండుస్ జర్నలిజం కోర్సు చూడు, స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు ఇస్తారు. చెవెనింగ్‌కు రెండేళ్ల పని అనుభవం అడుగుతారు, సంఘంలో చేసిన పనికి కాగితాలు ఇప్పటి నుంచే దాచుకో. అమెరికాలో మాస్టర్స్‌కు డబ్బు అరుదు, పీహెచ్‌డీకి పాఠాలు చెప్పే పని ఇచ్చి ఫీజు మాఫీ చేసే చోట్లు చాలా ఉన్నాయి. ఏది పెట్టినా ఆ ఏడాది నిబంధనలు నువ్వే చదువు, ఏజెంటు నోటి నుంచి వినకు.

ఆ పేరా వల్ల ఎక్కడైనా సీటు పోవచ్చు. పోదని నేను రాసివ్వలేను. తీసేసి వెళ్లినవాణ్ని కాబట్టి ఒక్కటి మాత్రం చెప్పగలను. తీసేసిన పేరా సూట్‌కేస్ అడుగున వెంటే వస్తుంది. అక్కడికి పోయాకైనా తీసి బల్ల మీద పెట్టక తప్పదు.

పోయిన వారం బాపుకు ఈ ముచ్చట చెప్పాను. ఇప్పుడు ఫోన్‌లో పేపరు చూస్తాడు, అక్షరాలు పెద్దవి చేసుకొని. "ఆ పిల్ల మామకు దెబ్బలు తగ్గినయా?" అని అడిగాడు. ఆ వార్త రాసినవాడు అడగాల్సిన ప్రశ్న అదే.

వచ్చే భాగంలో ఇంగ్లిష్ రాక క్లాసులో నోరు విప్పలేని రోజుల గురించి రాస్తాను. మీ ఎస్‌ఓపీలు పంపండి తమ్ముళ్లూ చెల్లెళ్లూ, రాత్రుళ్లు కూర్చుని చదువుతాను.

జై భీమ్.