బీరువాలో పైసలు

దూల్హేభాయ్ ఇంతెకాల్ అయ్యాక మా ఆపా తన నగలమ్మి, పిల్లల చదువుకని 10 లక్షలు బీరువాలో పెట్టింది. బ్యాంకులో వేస్తే సూద్ వస్తుందని డర్. ఆమె ఈమాన్ మీద నాకు షక్ లేదు. కానీ హిసాబ్ చూడండి.

నిసాబ్ దాటిన సొమ్ముకి ఏటా రెండున్నర శాతం జకాత్ ఫర్జ్. ఆ పైసల్లోంచే ఇస్తూ పోతే, పదేళ్లకు మిగిలేది సుమారు 7 లక్షల 76 వేలు. కాలేజీ ఫీజులు అప్పటికి ఎంతవుతాయో అల్లాహ్‌కే తెలుసు.

అదే సొమ్ము హలాల్ తిజారత్‌లో పెడితే, ఏటా 12 శాతం మునాఫా వచ్చిందనుకోండి. మునాఫాను అసలులో కలుపుతూ, మొత్తం మీద జకాత్ ఇస్తూ పోయినా పదేళ్లకు సుమారు 24 లక్షలు! గ్యారంటీ లేదు, నిజమే. నుక్సాన్‌లోనూ షరీక్ అవ్వాలి. సూద్‌కీ తిజారత్‌కీ ఫరక్ అక్కడే ఉంది. అందుకే పైసలన్నీ ఒకేచోట పెట్టకూడదు, పెట్టేముందు ఆలిమ్‌నీ, లెక్క తెలిసినవాళ్లనీ అడగాలి.

యతీముల సొమ్మును తిజారత్‌లో తిప్పమని హజ్రత్ ఉమర్ (రజి.) చెప్పింది, జకాత్ దాన్ని తినేయకూడదనే.

సూద్ నుంచి బచాయించుకోవడం మన ఫర్జ్. పైసలను పడుకోబెట్టమని మాత్రం దీన్ ఎక్కడా చెప్పలేదు.