నీలి తెర పడితే ముందు చేసే పని



మా రూముల ఆరుగురం పైసలు కలిపి కొన్న పాత ల్యాప్‌టాప్ ఉంది. అందరి ఇకామా, పాస్‌పోర్టు కాపీలు, సైట్ మీద రాసుకున్న ఓవర్‌టైం గంటల లెక్క అన్నీ దాంట్లనే. పోయిన నెల అది నడుస్తుంటేనే తెర నీలం అయి, దానంతటదే రీస్టార్ట్ అయ్యేది. ఒకరోజు రెండుసార్లు, మళ్లా వారం దాకా ఏమీ ఉండదు.

బజారుల షాపాయన తెరిచి చూడకుండానే "ఫార్మాట్ కొట్టాలె" అన్నడు. కొడితే ఆ లెక్క పోతది. రేపు జీతం తక్కువ పడితే ఏం చూపిస్తం? అందుకే ముందుగాల అన్నీ పెన్‌డ్రైవ్‌లకు ఎక్కించినం.

తర్వాత నీలి తెర మీది స్టాప్ కోడ్‌ను ఫోన్‌తో ఫోటో తీసినం. మూడుసార్లూ 'మెమరీ మేనేజ్‌మెంట్' అనే వచ్చింది. విండోస్‌లనే మెమరీ డయాగ్నస్టిక్ ఉంటది, పైసా ఖర్చు లేదు. నడిపిస్తే లోపం ఉందని చూపింది. ల్యాప్‌టాప్ బంద్ చేసి, రెండు ర్యామ్‌లల్ల ఒక్కోటి తీసి చూసినం. ఒకటి ఖరాబైంది. దాన్ని తీసేసినంక ఇరవై రోజులైంది, నీలి తెర రాలేదు. కొంచెం స్లో అయింది, అంతే.

అందరికీ ర్యామే కారణం కాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయినయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టుల బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చిన్రు. కొత్త అప్‌డేట్, డ్రైవర్ పడ్డంక మొదలైతే దాన్ని తీసి చూడండి. ఫ్యాన్‌ల దుమ్ము నిండి వేడెక్కినా ఆగిపోతది.

మీ దగ్గర ఇట్లయితే కోడ్ ఫోటో కింద పెట్టండి, తెలిసింది చెప్తం. ఫార్మాట్‌కు మాత్రం తొందరపడొద్దు.