కథ ఎక్కడుంది? మీ వంటింటి కిటికీలోనే!

పిల్లలకు అన్నం పెడుతూ కథ చెప్పని తల్లి మన ఇళ్ళల్లో ఉంటుందా? మనం చెప్తాం, వాళ్ళు ముద్ద మింగేస్తారు, కథ అక్కడితో అయిపోతుంది. అదే కథను కాగితం మీద పెట్టి, నాలుగు బొమ్మలు వేసి పుస్తకంగా కుట్టమంటే మాత్రం "అబ్బే, మనకెక్కడొస్తుందండీ! అంతంత ఊహలు మనకు తట్టవు" అనేస్తాం. నన్నడిగితే ఆ ఊహ ఎక్కడినుంచో ఊడిపడదు. ఇంట్లో తిరుగుతున్న ఒక్క పిల్ల మనసులో ఏముందో కనిపెడితే చాలు, కథ దొరికినట్టే. ఈ సంగతి నాకు మా మనవరాలు నేర్పింది.

మా అమ్మాయికి రెండో కాన్పు ఎనిమిదో నెలలోనే అయింది. బాబు కిలోన్నర కూడా లేడు. ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు. అమ్మాయి అక్కడే ఉండిపోయింది. నాలుగేళ్ళ పెద్దది, మేం చిన్ని అని పిలుస్తాం, నా దగ్గరుంది. మొదటి వారం "అమ్మేదీ?" అని ఒకటే ఏడుపు. రెండో వారం నుంచి అడగడం మానేసింది. ఏడ్చే పిల్లను సముదాయించవచ్చు కానీ, అడగడం మానేసిన పిల్లను చూస్తే గుండె తరుక్కుపోతుందండీ! ఏడు చేపల కథ చెప్పాను. విని, ఊ కొట్టకుండా గోడవైపు తిరిగి పడుకుంది.

అప్పట్లో మా వంటింటి కిటికీ సజ్జ మీద పావురాలు గూడు పెట్టి రెండు గుడ్లు పెట్టాయి. చిన్ని పీట వేసుకుని ఎక్కి వాటినే చూస్తూ ఉండేది. ఒకరోజు ఉన్నట్టుండి, "అమ్మమ్మా, ఆ పావురం వాళ్ళ పెద్దపాప ఏదీ?" అంది.

నా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. పిల్ల అడుగుతున్నది పావురం గురించి కాదని మీకు వేరే చెప్పాలా!

ఆ సాయంత్రమే నాలుగు తెల్ల కాగితాలు మధ్యకు మడిచి, మడత మీద సూదీ దారంతో కుట్టాను. పదహారు పేజీల పుస్తకం తయారైంది. అందులో పెద్దపాప పావురం గూటి అంచున కూర్చుని అమ్మకోసం ఎదురుచూస్తూ ఉంటుంది. పావురాల్లో తల్లి ఒక్కటే కాదు, తండ్రి కూడా గుడ్ల మీద కూర్చుని పొదుగుతుంది. పిల్లలు బయటికి రావడానికి ఇంచుమించు 18 రోజులు పడుతుంది. అందుకని నా కథలో నాన్న గుడ్లమీద కూర్చున్నప్పుడు అమ్మ ఎగిరొచ్చి పెద్దపాపతో కలిసి గింజలు తింటుంది. ఆఖరి పేజీ మాత్రం ఖాళీగా వదిలేశాను. బాబు ఇంటికి వస్తాడో రాడో డాక్టర్లు కూడా గట్టిగా చెప్పని రోజులవి. తెలియనిదాన్ని రాయడానికి చెయ్యి రాలేదు.

చిన్ని ఆ పుస్తకం రోజుకు పదిసార్లు చదివించుకునేది. ఖాళీ పేజీ దగ్గర ఆగి "ఇక్కడేమవుతుంది?" అంటే, "నువ్వే చెప్పు" అనేదాన్ని. ఒకరోజు "పెద్దపాపకి కోపమొచ్చింది" అంది. మర్నాడు "అమ్మ పెద్దపాపని మర్చిపోయింది" అని బావురుమంది. అన్నాళ్ళూ గొంతులో అడ్డంపడిన మాట అదన్నమాట! ఆ రాత్రే ఫోన్లో తల్లితో మాట్లాడించాం. 43వ రోజున బాబు క్షేమంగా ఇంటికొచ్చాడు. ఆఖరి పేజీలో చిన్ని వంకాయ రంగు పెన్సిలుతో నాలుగు సున్నాలు చుట్టింది. అమ్మ, నాన్న, తమ్ముడు, తను. అన్నిట్లోకీ పెద్ద సున్నా తనేనట!

ఇదేదో మా ఇంటి ముచ్చట అనుకోకండి. ప్రపంచమంతా మెచ్చిన బొమ్మల కథలు కొన్ని ఇలాగే పుట్టాయి. ఇంగ్లండులో బియాట్రిక్స్ పాటర్ అనే ఆమె 1893 సెప్టెంబరులో, తనకు ఒకప్పుడు చదువు చెప్పినావిడ కొడుకు జబ్బుపడి మంచంలో ఉంటే, ఆ అయిదేళ్ళ వాడికి బొమ్మలతో ఉత్తరం రాసింది. అందులోంచి వచ్చిందే పీటర్ అనే కుందేలు కథ. ప్రచురణకర్తలు వద్దంటే 1901లో తనే 250 కాపీలు అచ్చు వేయించుకుంది. మరుసటి ఏడాది ఒక కంపెనీ వేసింది. నేటికీ పిల్లలు చదువుతూనే ఉన్నారు.

అమెరికాలో ఎరిక్ కార్ల్ కాగితాల బొత్తికి పంచింగ్ మిషనుతో చిల్లులు వేస్తూ, ఆ చిల్లులు చూసి పుస్తకాల పురుగును ఊహించుకున్నాడు. అతని ఎడిటరు "గొంగళిపురుగైతే బాగుంటుందేమో" అంది. ఆ ఆకలి గొంగళిపురుగు పుస్తకం 1969లో వచ్చింది. మారిస్ సెండాక్ అయితే మొదట గుర్రాల కథ అనుకున్నాడు. గుర్రాల బొమ్మ కుదరలేదు. చిన్నప్పుడు ఆదివారాలు ఇంటికొచ్చి బుగ్గలు గిల్లే చుట్టాలు గుర్తొచ్చారు. వాళ్ళనే వింత జంతువులుగా మార్చి 1963లో పుస్తకం తెచ్చాడు. బుగ్గలు గిల్లే చుట్టాలకు మనకేం కొదవ చెప్పండి!

మరి మీరు ఎలా మొదలుపెట్టాలంటారా? ముందు పాలలెక్క పుస్తకం చివరి పేజీల్లో పిల్లల ప్రశ్నలు రాసుకోండి. వాళ్ళన్న మాటల్లోనే రాయాలి, మనం దిద్దకూడదు. "చీకటి ఎక్కడ పడుకుంటుంది?" అని అడిగారనుకోండి, అదే కథకు మొదటి పేజీ.

రెండోది, బొమ్మ చెప్పేది మాటతో చెప్పకండి. పిల్లి పాలు తాగుతున్న బొమ్మ కింద "పిల్లి పాలు తాగింది" అని రాస్తే చప్పగా ఉంటుంది. "ఎవరూ చూడలేదుగా!" అని రాసి, తలుపు చాటునుంచి తొంగిచూసే పాపను వేయండి. పిల్లలు పడీపడీ నవ్వుతారు. ఆ రహస్యం వాళ్ళకే తెలిసింది మరి!

మూడోది, ఉత్కంఠను కుడిచేతి పేజీలో ఆపండి. జవాబు వెనక పేజీలో ఉండాలి. పేజీ తిప్పడంలోనే సగం సరదా ఉంది. అచ్చు పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలుంటాయి. ఇంట్లో చేసుకునేదానికి 16 చాలు. పాత శుభలేఖ అట్ట పైన వేస్తే చూడముచ్చటగా ఉంటుంది.

"బొమ్మలు రావే" అనకండి. తెల్లవారుజామున చుక్కలు తప్పకుండా ముగ్గు వేసే చేతికి పిట్టబొమ్మ రాదా? పాపకు ఒక ఎర్ర రిబ్బను పెట్టి, ప్రతి పేజీలోనూ అదే వేయండి. ముఖం కాస్త మారినా పిల్లలు రిబ్బను చూసి గుర్తుపడతారు. అయ్యాక పైకి చదివి వినిపించండి. ఎక్కడ పిల్ల చూపు పక్కకు మళ్ళిందో అక్కడ రెండు వాక్యాలు నిర్మొహమాటంగా కొట్టేయండి.

వీలైతే 'మంచి పుస్తకం', 'తూలిక', 'నేషనల్ బుక్ ట్రస్ట్' వాళ్ళు వేసిన తెలుగు బొమ్మల పుస్తకాలు తెచ్చి పిల్లలతో కూర్చుని చూడండి. బొమ్మ ఎంత చెబుతోందో, మాట ఎంతలో ఆగిందో మీకే తెలుస్తుంది.

మీ పుస్తకం అచ్చవుతుందా, పదిమంది మెచ్చుకుంటారా అని ఇప్పుడే ఆలోచించకండి. లోకంలోని పిల్లలందరికోసం రాయాలని కూర్చుంటే కలం కదలదు. ఎదురుగా ఉన్న ఒక్క పిల్లకోసం, ఆ పిల్ల అడగలేక దాచుకున్న ఒక్క మాటకోసం రాయండి. ఈ మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక నాలుగు కాగితాలు మడిచి చూడండి మరి!