జేజినాయన పిస్టలు

అనంతపురం వాణ్ణి అనగానే ఆఫీసులో అందరూ అడిగే మొదటి ప్రశ్న "మీ ఇంట్లో బాంబులుంటాయా?" అని. బాంబుల్లేవు గానీ ఒక పిస్టలుండేది, లైసెన్సుతో :)

జేజినాయన కొన్న వెబ్లీ స్కాట్, పాయింట్ 32. లండన్ పోలీసులు 1911లో తీసుకున్న రకం. ఆయన పోయాక లైసెన్సు నాయన పేరు మీదికి వచ్చింది. మా వైపు వానలే అంతంతమాత్రం, పండిన నాలుగు శెనక్కాయలకీ అడవి పందుల బెడద. కిందటేడు ఓ రాత్రి వాటిని బెదిరిద్దామని నాయన గాల్లోకి కాలిస్తే ఒక తూటా పేలింది, రెండోది సగంలో ఇరుక్కుంది.

ఇంజనీర్ని కదా, డీబగ్గింగు మొదలెట్టా. ఈ తూటా 1899 నాటి బ్రౌనింగ్ డిజైను. అడుగున అంచు కాస్త బయటికి ఉంటుంది. మ్యాగజైన్లో పై తూటా అంచు కిందిదాని అంచుకి వెనక పడిందా, ఇక కదలదు. పైగా ఒక తూటా వెనక్కి తన్నే బలంతోనే పిస్టలు తర్వాతిదాన్ని ఎక్కించుకుంటుంది. మందు తగ్గినా, స్ప్రింగు ముసలిదైనా పని మధ్యలో ఆగిపోతుంది. అంటే తుపాకీకీ తూటాకీ జాతకాలు కలవాలన్నమాట!

అమెరికాలో ఆన్‌సైట్ ఉన్నప్పుడు నా పక్క సీటు పెద్దాయన తూటాలు గరాజులో తనే నింపుకునేవాడు. మందు తూకం వేసి, పదేసి చొప్పున కాల్చి చూసి, తన పాత పిస్టలుకి ఏది నప్పిందో నోట్‌బుక్కులో రాసుకునేవాడు. అచ్చంగా యూనిట్ టెస్టింగే.

మనకది కుదరదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేస్తే నేరం. కొనుక్కునే తూటాలకీ ఏడాదికి ఇన్నే అని లెక్క. ఇంతలో ఎవరో ఒకాయన "చేత్తో నింపినవి ఇప్పిస్తా, గ్యారంటీ" అన్నాడు. నాయన సగం ఒప్పేసుకున్నాడు కూడా. నేను అడ్డం పడ్డా. చట్టం సంగతి అటుంచినా, మందు మరీ తగ్గితే గుండు గొట్టంలోనే ఆగిపోతుంది. అది తెలీక ఇంకోటి కాలిస్తే గొట్టం చేతిలోనే పగలొచ్చు.

"మరి ఆపదొస్తే ఎట్లరా?" అన్నాడు నాయన.

"ఏడాది తూటాలన్నీ టెస్టింగుకే కాల్చినా దీన్ని నమ్మొచ్చని చెప్పలేను నాయనా."

అంతవరకూ చాటలో బియ్యం ఏరుతున్న అమ్మ తలెత్తకుండానే అంది: "ఎలక్షన్లు వచ్చినప్పుడంతా దాన్ని స్టేషన్లో పెట్టొస్తాండారు గదా. ఊర్లో భయముండేదే ఆ దినాల్లో. అప్పుడు అది లేకుండానే బతికినాం గదా?"

ఇన్నాళ్ళూ నేను మ్యాగజైన్లో వెతుకుతున్న బగ్గు అక్కడ లేదు!

నాయన రెండ్రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పిస్టలుని కడసారి నూనెతో తుడిచి, స్టేషన్లో అప్పజెప్పి, లైసెన్సు వద్దని అర్జీ పెట్టొచ్చాడు. ఖాళీ తోలు ఒర మాత్రం ఇంకా మేకుకి వేలాడుతోంది. తియ్యమని నేనూ అడగలేదు.

పందులకంటారా? చేను చుట్టూ అమ్మ పాత చీరలు కట్టాం. అవైతే మధ్యలో ఇరుక్కోవు.