ఒక్క ద్రాక్షను నమ్మితే

ఇటలీలో వైన్ కోసం సాగుచేసే దేశవాళీ ద్రాక్షలు వందల రకాలు. ఏ లోయ రుచి ఆ లోయదే. ఇంత సంపద ఉండి కూడా సొంత ద్రాక్షను ఆ దేశం చాలాకాలం పూర్తిగా నమ్మలేదన్నదే మనసును తొలిచే సంగతి.

టస్కనీ కొండల్లోని కియాంతినే చూడండి. దాని ప్రాణం సాంజొవేజే అనే నల్ల ద్రాక్ష. పులుపూ వగరూ ముందుంటాయి, రంగు మరీ చిక్కగా ఉండదు. 1967 నాటి నిబంధనలు ఆ ఎర్ర వైన్‌లో 10 నుంచి 30 శాతం దాకా తెల్ల ద్రాక్ష కలపాల్సిందేనన్నాయి. వైన్ పలచబడింది.

అక్కడి రాద్దా ఊళ్ళో వైన్ చేసే సెర్జియో మానెత్తి దీనికి తలొగ్గలేదు. 1977లో అచ్చంగా సాంజొవేజేతోనే 'లే పెర్గోలె తోర్తె' చేశారు. ఆయన వైన్ కియాంతి పేరు వదులుకుని, మామూలు 'టేబుల్ వైన్'గా బజారుకెళ్ళింది. అయినా లోకమంతా వెతుక్కుంటూ వచ్చింది! చివరికి నియమాలే మారాయి: కియాంతి నడిబొడ్డున ఉన్న కియాంతి క్లాసికో ప్రాంతపు వైన్‌లో 2006 పంట నుంచి తెల్ల ద్రాక్షకు చోటే లేదు. పట్టుదల అంటే అదీ.

ఉత్తరాన పీడ్‌మాంట్‌లో నెబ్బియోలోది వేరే దారి. బరోలో వైన్‌ను ఆ ఒక్క ద్రాక్షతోనే చేయాలి. కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు కర్ర పీపాల్లో, నిలవ ఉంచాలి. అంత వగరు మెత్తబడాలంటే ఆ మాత్రం ఓపిక న్యాయమే. దక్షిణాన వుల్తురె అగ్నిపర్వతపు నేలల్లో అల్యానికో ద్రాక్ష ఇంకా నిదానం. చాలా ఏళ్ళలో నవంబరు దాకా తీగ మీదే ఉంటుంది.